చిత్రకారుని ఎంపిక

వారపు సంతలో కంటికి తీరిక ఉండదు. కూరగాయల గుట్టలు, తక్కెడ పట్టిన చేతులు, బేరమాడే స్త్రీలు, బస్తాలు దించే కూలీలు, బండి నీడన పడుకొన్న ఎద్దులు అన్నీ ఒకేసారి చూపును ఆకర్షిస్తాయి. చిత్రలేఖనం అభ్యసించే విద్యార్థి అక్కడ కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చుంటే మొదట ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఇన్నింటిలో దేనిని గీయాలి?

కనబడినదంతా గీయాలనే ఆరాటం సహజం. ఏది విడిచినా దృశ్యానికి అన్యాయం జరుగుతుందని విద్యార్థి భయపడతాడు. అందువల్ల తట్టకూ, తక్కెడకూ, మనిషి ముఖానికీ ఒకే శ్రద్ధ చూపుతాడు. అన్నింటికీ సమాన ప్రాధాన్యం లభించిన చిత్రంలో దేనికీ ప్రాధాన్యం మిగలదు. చూసేవారి కన్ను ఎక్కడా నిలవక అలసిపోతుంది.

అనుభవం గల చిత్రకారుడు వెంటనే గీతకు పూనుకోడు. కొంతసేపు ఊరక చూస్తాడు. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు మరుగై, వెలుగునీడల పెద్ద రాశులే మిగులుతాయి. దళసరి కాగితంలో చిన్న చదరపు రంధ్రం కత్తిరించి దానిగుండా చూస్తే దృశ్యానికి హద్దులు ఏర్పడతాయి. ఆపై తన చూపును నిలిపినది ఏమిటో తేల్చుకొంటాడు. అది చిల్లర లెక్కపెట్టే ఒక వృద్ధురాలి వేళ్లు కావచ్చు. అప్పుడు చిక్కని గీతలు, గాఢమైన నీడలు ఆ వేళ్లకే దక్కాలి. చుట్టూ ఉన్న జనానికి నాలుగైదు లేత గీతలు చాలు. ఆమె చేయి కదిలిందని కలత చెందనక్కరలేదు. సంతలో పనులు పునరావృతమవుతాయి. మరో బేరం ముగియగానే ఆ భంగిమ మళ్లీ కనబడుతుంది.

1938లో గుజరాత్‌లోని హరిపురలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు గాంధీజీ కోరికపై నందలాల్ బోస్ చిత్రించిన ఫలకాలు ఈ వివేకానికి నిదర్శనం. గ్రామజీవితం ఎంతో విస్తారమైనది. ఆయన దానినంతటినీ ఒకే పటంలో ఇరికించలేదు. ఒక ఫలకంలో నేల దున్నే రైతు, మరొకదానిలో డోలు వాయించే కళాకారుడు, ఇలా ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క చోటు కల్పించారు. శాంతినికేతన్‌లో ఆయన వద్ద శిక్షణ పొందిన తెలుగు చిత్రకారులలో కొండపల్లి శేషగిరిరావు ఒకరు.

ఒక కాగితంపై విడిచిన దానికి మరొక కాగితం ఉంటుంది. నేడు లేత గీతగా మిగిలిన కూలీ రేపటి చిత్రంలో ప్రధాన పాత్ర కాగలడు. కనుక విడిచిపెట్టడానికి వెరవనక్కరలేదు. అయితే ఎంపికలో గీసేవాని సంస్కారం వెల్లడవుతుంది. సంతలో వందలమంది ఆ వృద్ధురాలిని దాటి వెళ్తారు. ఆమె వేళ్లను గీయదలచినవాడు మాత్రం ఆమె ఎదుట ఆగుతాడు. ప్రతి నాణాన్నీ ఆమె ఎందుకంత జాగ్రత్తగా తడిమి చూస్తున్నదో ఆలోచిస్తాడు.