టిఫా స్కాన్‌లో 11 మి.మీ. అన్నారు... భయపడాలా?

ప్రశ్న: నాకిప్పుడు 21వ వారం. బిడ్డ మెదడులో నీరుండే గది 11 మి.మీ. ఉందట. ఎమ్మారై తీయించమన్నారు. బిడ్డకు ప్రమాదమా డాక్టర్‌గారూ?

జవాబు: ధైర్యంగా ఉండండమ్మా. ఆ గది వెడల్పు 10 మి.మీ. లోపు ఉండాలి. 12 వరకు స్వల్ప తేడాయే. ఇంకే లోపమూ లేకపోతే ఇలాంటి పిల్లల్లో 90 శాతానికి పైగా మామూలుగానే ఎదుగుతారు. ఆ ‘ఇంకే లోపమూ లేదు’ అన్నది తేల్చుకోవడానికే ఎమ్మారై. దీనిలో రేడియేషన్ ఉండదు, కాంట్రాస్ట్ మందూ ఎక్కించరు. కడుపులో బిడ్డ కదులుతుంటుంది కనుక ఒక్కో బొమ్మను క్షణాల్లో తీసేస్తారు. బ్రిటన్‌లో 570 గర్భస్థ శిశువులపై జరిగిన మెరిడియన్ అధ్యయనం 2017లో వెలువడింది. అందులో అల్ట్రాసౌండ్ 68 శాతం కేసుల్లో సరిగ్గా చెప్పగా, ఎమ్మారై తోడయ్యాక అది 93 శాతానికి చేరింది. ఇన్ఫెక్షన్, జన్యు పరీక్షల గురించి కూడా మీ డాక్టరును అడగండి. ఈ ఒక్క కొలత చూసి గర్భం విషయంలో తొందరపడి ఏ నిర్ణయమూ తీసుకోకండి.