నిమ్మకాయా? కొత్తిమీరా? ఏది బలం?

(సైన్సు పాఠం)



భోజనాల దగ్గర కూర్చుంటే ఈ వాదన తరచుగా వినపడుతుంది. "నిమ్మకాయలోనే విటమిన్లన్నీ ఉంటాయి, కొత్తిమీర వాసనకు తప్ప దేనికీ పనికిరాదు" అని కొందరంటారు. "ఆకుకూరే బలం, నిమ్మకాయ వట్టి పులుపు" అని మరికొందరంటారు. ఏది నిజమో లెక్క వేసి చూద్దాం.

ఈ రెండూ మన ప్రాంతపు పంటలే. తెనాలి నిమ్మకాయల మార్కెట్టు పేరున్నది. ఇక ధనియాలు మన నల్లరేగడి చేలల్లో చలికాలపు పైరు. గుంటూరు పక్కనున్న లాం పరిశోధనా కేంద్రంలో సాధన, స్వాతి, సింధు అనే ధనియాల రకాలు తయారుచేశారు. ఆ ధనియాలు మొలిస్తే వచ్చేదే కొత్తిమీర.

100 గ్రాములలో ఎంతెంత?

అమెరికా వ్యవసాయ శాఖ వారి ఆహార పట్టికలో అంకెలు ఇలా ఉన్నాయి. మొదటిది మన చిన్న నిమ్మకాయ రసం, రెండోది పచ్చి కొత్తిమీర.

'సి' విటమిన్: నిమ్మరసం 30 మి.గ్రా., కొత్తిమీర 27 మి.గ్రా.
కాల్షియం: నిమ్మరసం 14 మి.గ్రా., కొత్తిమీర 67 మి.గ్రా.
ఇనుము: నిమ్మరసం 0.1 మి.గ్రా., కొత్తిమీర 1.8 మి.గ్రా.
'ఎ' విటమిన్: నిమ్మరసంలో లేనట్టే, కొత్తిమీర 337 మైక్రోగ్రాములు
ఫోలిక్ ఆమ్లం (ఆహారంలో ఉండే రూపం): నిమ్మరసం 10, కొత్తిమీర 62 మైక్రోగ్రాములు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికలో కొత్తిమీరకు ఇనుము, కాల్షియం ఇంతకన్నా ఎక్కువే చూపారు. నేలను బట్టి, రకాన్ని బట్టి, ఆకు ఎంత తాజాగా ఉందన్న దాన్ని బట్టి అంకెలు మారుతుంటాయి. అందుకని ఏ పట్టికనైనా సుమారు లెక్కగానే తీసుకోవాలి.

పట్టిక చూస్తే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. నిమ్మకాయ సొంత ఆస్తి అనుకున్న 'సి' విటమిన్‌లో కొత్తిమీర ఇంచుమించు దానితో సమానం. మిగతా వాటన్నిట్లో కొత్తిమీరదే పైచేయి. అయితే నిమ్మకాయ ఓడిపోయినట్టేనా? తొందరపడవద్దు. ముందు నిమ్మకాయకు ఇంత పేరెలా వచ్చిందో తెలుసుకుందాం.

నిమ్మకాయ కథ

పూర్వం నెలల తరబడి సముద్రంలో తిరిగే నావికులకు చిగుళ్ళ నుంచి రక్తం కారేది, పళ్ళు ఊడేవి, పాత గాయాలు మళ్ళీ పచ్చిపుండ్లయ్యేవి. ఆ జబ్బు పేరు స్కర్వీ. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు సాలిస్‌బరీ అనే ఓడలో 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. ఆ పండ్లలో పనిచేసిందేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ తరువాత చాలా ఏళ్ళకు, 1795 నుంచి, బ్రిటిషు నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వసాగింది.

ఇక్కడ గుంటూరు జిల్లా వాళ్ళం కాలర్ ఎగరేసుకునే సంగతి ఒకటుంది. 'సి' విటమిన్‌ను పరిశోధనకు సరిపడా పెద్ద మొత్తంలో తీసింది నిమ్మకాయ నుంచి కాదు, మిరపకాయ నుంచి! 1930ల మొదట్లో హంగరీ దేశంలోని సెగెడ్ పట్టణంలో ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గి అనే శాస్త్రవేత్త అక్కడి ఎర్రమిరప నుంచి దాన్ని తీశాడు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పచ్చిమిరపలో నిమ్మరసం కంటే 'సి' విటమిన్ ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ అదే మిరప కల్లంలో ఎండేసరికి అందులో చాలామటుకు పోతుంది. ఎండకు, వేడికి, గాలికి ఆగని విటమిన్ ఇది.

ఆకు కథ

1928లో లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీలకు రక్తం ఎందుకు తగ్గుతోందో పరిశోధించింది. ఈస్టు సారం తినిపిస్తే రక్తం పట్టింది. అందులో ఉన్న పదార్థాన్నే 1941లో పాలకూర వంటి ఆకు నుంచి తీసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడే, భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. బళ్ళలో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. చేదని బయట పారేసేవాళ్ళు ఒక్కసారి ఆలోచించాలి.

పట్టికలో ఉన్న కిటుకు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 100 గ్రాముల కొత్తిమీర ఎవరు తింటున్నారు? సాంబారు గంగాళంలో నాలుగు కట్టలు తుంచి వేస్తే, అంతమందికి పంచేటప్పటికి మన కంచంలోకి రెండు మూడు రెబ్బలు వస్తాయి. అది వాసనకే. నిమ్మకాయా అంతే. ఒక చిన్న కాయ పిండితే 20 గ్రాముల రసం వస్తుందనుకుందాం. అంటే 'సి' విటమిన్ 6 మి.గ్రా. మన వయసు వాళ్ళకు రోజుకు సుమారు 70 మి.గ్రా. కావాలి. అంటే ఒక కాయతో పదో వంతు కూడా తీరదు.

కొత్తిమీరను పచ్చడి చేసి, మనిషికి 25 గ్రాములు, అంటే గుప్పెడు ఆకు పడేటట్లు వడ్డిస్తే కథ మారుతుంది. ఆ రోజుకు కావలసిన 'ఎ' విటమిన్‌లో దాదాపు పదో వంతు ఆ పచ్చడిలోనే వస్తుంది. ఈ విటమిన్ తక్కువైతే రేచీకటి వస్తుంది. ఇది ఒంటబట్టాలంటే నూనె కావాలి, కాబట్టి తాలింపు వెయ్యాల్సిందే.

తాళం, తాళంచెవి

మనకు అన్నిటికన్నా పెద్ద సమస్య రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100కి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉంది. మన వయసు ఆడపిల్లలకు రోజుకు సుమారు 30 మి.గ్రా. ఇనుము కావాలి. అది చాలకపోతే మెట్లెక్కితే ఆయాసం, నిలబడితే కళ్ళు తిరగడం, పుస్తకం పట్టుకుంటే నిద్ర. దాన్ని బద్ధకం అని తిడతారు గానీ చాలాసార్లు అది బద్ధకం కాదు, రక్తం లేకపోవడం.

ఆకుకూరల్లో, పప్పుల్లో, రాగుల్లో, సజ్జల్లో ఇనుము ఉంది. కానీ ఆ ఇనుము తాళం వేసిన పెట్టెలో ధాన్యం లాంటిది. తిన్నదాంట్లో కొద్దిగానే రక్తంలో కలుస్తుంది. 'సి' విటమిన్ తాళంచెవి లాగా పనిచేస్తుంది. పదో తరగతి వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్ ఇనుముగా మారుస్తుంది. పేగులు తేలికగా పీల్చుకునేది ఆ రెండో రూపాన్నే. అయితే రెండూ ఒకే ముద్దలో, ఒకే పూట ఉండాలి. పొద్దున పప్పు తిని సాయంత్రం నిమ్మకాయ నీళ్ళు తాగితే లాభం తక్కువ.

కాబట్టి ఏది గొప్ప అన్న ప్రశ్నే సరైంది కాదు. నిమ్మకాయ సొంతంగా ఇచ్చేది తక్కువ, ఇతరులది ఇప్పించేది ఎక్కువ. కొత్తిమీర ఇచ్చేది చాలానే ఉంది, కానీ గుప్పెడు తింటేనే.

వంటింటికి నాలుగు మాటలు

1. నిమ్మరసం పొయ్యి మీద మరిగే పప్పులో పిండకూడదు. దించాక పిండాలి, లేదా కంచం దగ్గర బద్ద ఇవ్వాలి.

2. కొత్తిమీర లేత కాడలు పారెయ్యొద్దు. పచ్చట్లో నూరితే తేడా తెలియదు. ముందు మూడుసార్లు మంచినీళ్ళలో కడిగి, తరువాత తరగాలి. పచ్చిగా తినేదాన్ని సరిగా కడగకపోతే నులిపురుగుల గుడ్లు కడుపులోకి పోతాయి. కొన్ని పురుగులు ఉన్న రక్తాన్ని కూడా పీల్చేస్తాయి.

3. అన్నం తిన్న వెంటనే టీ వద్దు. టీలోని వగరు పదార్థం ఇనుమును పట్టేసుకుంటుంది. గంట ఆగి తాగవచ్చు.

4. నిమ్మకాయలు ప్రియమైన రోజుల్లో జామకాయ, ఉసిరికాయ ఉన్నాయి. నల్లమల గూడేల నుంచి వచ్చిన మిత్రులకు ఉసిరి గురించి మనం చెప్పక్కర్లేదు. దానిలో 'సి' విటమిన్ నిమ్మరసానికి అయిదు రెట్లకు పైనే. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ చెల్లదు.

ఒక మనవి

వంటశాల వెనక కూరగాయలు కడిగిన నీళ్ళు ఊరికే పారిపోతున్నాయి. అక్కడ నాలుగు మడులు కడితే చాలు. ధనియాలను రెండు బద్దలుగా నలిపి, రాత్రి నానబెట్టి చల్లితే పది పన్నెండు రోజుల్లో మొలుస్తాయి, నలభై రోజుల్లో కోతకు వస్తాయి. వారానికొక మడి చొప్పున చల్లితే చలికాలమంతా కోసుకోవచ్చు. ఎండాకాలంలో త్వరగా పూతకొస్తుంది కాబట్టి కార్తీకంలో మొదలుపెట్టడం మంచిది. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి వాళ్ళు వంతులు వేసుకుంటే నీళ్ళు పెట్టడం కష్టం కాదు. వార్డెన్ గారు దయచేసి అనుమతి ఇవ్వాలని, వారానికి రెండు రోజులైనా పప్పు అన్నంతో నిమ్మబద్ద, కొత్తిమీర పచ్చడి పెట్టించాలని కోరుతున్నాం.

ఒక హెచ్చరిక: కనురెప్ప లోపలి భాగం, గోళ్ళు బాగా తెల్లగా పాలిపోయినవాళ్ళకు పచ్చడి ఒక్కటే చాలదు. వాళ్ళు నర్సమ్మ గారికి చూపించుకొని మాత్రలు వాడాలి.

ప్రశ్నలు (జవాబులు వచ్చే సంచికలో)

1. నిమ్మకాయ ఊరగాయలో 'సి' విటమిన్ తాజా కాయలో ఉన్నంత ఉంటుందా? ఎందుకు?
2. మన హాస్టల్లో ఒక పూటకు మనిషికి 25 గ్రాముల కొత్తిమీర పడాలంటే ఎన్ని కిలోలు కావాలి?
3. మీ గూడెంలో, మీ తండాలో అమ్మమ్మలు వండే ఆకులు ఏవేవి? పేర్లు రాసి తెచ్చినవాళ్ళవి ఈ గోడ మీదే వేస్తాం.