గ్రామ చరిత్ర – విద్యార్థుల విజ్ఞాన యాత్ర

విద్యార్థులను విజ్ఞాన యాత్రకు తీసికొని పోవలెననగానే మనకు దూరపు పట్టణములే స్ఫురించును. కాని చరిత్ర మన పొలిమేరలోనే కలదు. చెరువుగట్టు మీది శాసనము, ఊరి వెలుపలి వీరగల్లు, శిథిలమైన బురుజు, పూడిపోయిన కోనేరు – ఇవి యన్నియు బాలురకు, బాలికలకు పాఠములే. వానిని కాపాడు బాధ్యత మొట్టమొదట గ్రామ పంచాయతీది.

కాపాడకున్న నేమగునో అమరావతి చెప్పుచున్నది. అచటి బౌద్ధ మహాచైత్యము శిథిలమై మట్టిదిబ్బగా మారగా జనులు దానిని దీపాలదిన్నె యని పిలిచెడివారు. పదునెనిమిదవ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అచట నూతన పట్టణమును నిర్మించు కాలమున, ఇటుకల కొరకును, రాళ్ళ కొరకును ఆ దిన్నెను త్రవ్విరి. కర్నల్ కాలిన్ మెకంజీ 1816లో మరల వచ్చి శిల్పములకు చిత్రములు వ్రాయించు నాటికే ఎన్నో ఫలకములు ఇతర కట్టడములలో చేరిపోయెను. కొన్ని సున్నముగా కాల్చబడెను. మిగిలిన వానిలో పెక్కు నేడు చెన్నైలోను, లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను ఉన్నవి. త్రవ్వినవారికి ఆ శిల్పములపై ద్వేషము లేదు. అవి యేమియో వారికి తెలియదు, అంతే.

మన యూరి రాతిలో ఏమున్నదో మనకు మాత్రము తెలియునా? కడప మండలమున కలమళ్ళ యను గ్రామపు చెన్నకేశవాలయములో లభించిన రేనాటి చోడరాజు ధనంజయుని శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిది. తెలుగు భాషలో లభించిన తొలి శాసనమని పండితులు దానిని పేర్కొనుచున్నారు. ఒక పల్లెలోని రాయి యావత్తు జాతి భాషా చరిత్రకు ఆధారమైనది!

కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది పనులకు పూనుకొనవలెను.

1. ఉపాధ్యాయులను, ఊరి పెద్దలను కూర్చుకొని గ్రామములోని ప్రాచీన చిహ్నములకు పట్టిక తయారుచేయవలెను. ప్రతిదాని స్థలమును, దానిని గూర్చి పెద్దలు చెప్పు కథను వ్రాయించవలెను. కథ వేరు, శాసనము చెప్పు సంగతి వేరు అని పిల్లలకు తెలియజెప్పవలెను.

2. శాసనములకు సున్నము గాని, రంగు గాని, నూనె గాని పూయరాదు. సిమెంటు మెత్తరాదు. అక్షరములను సుద్దతో దిద్దరాదు. రాతిని కదలింపక రాష్ట్ర పురావస్తు శాఖకు తెలుపవలెను.

3. భూమిలో నిధి లభించినచో 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలెను.

4. కేంద్ర రక్షణలోనున్న కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణములు నిషిద్ధములు. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి లేనిదే కట్టరాదు. ఇండ్ల స్థలములు నిర్ణయించునపుడు సభ్యులు దీనిని మరువరాదు.

5. పిల్లలు వచ్చు దినమునకు ముందే ముండ్లకంపలను తొలగించి, దారి బాగుచేయవలెను. కోనేటికి, పాడుబావికి కంచె వేయించవలెను. త్రాగునీరు, నీడ సమకూర్చవలెను.

వీనిలో పెక్కింటికి విశేష ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును. తన యూరి వీరగల్లు ముందు నిలిచి, ఈ వీరుడెవరని ఒక్కసారి అడిగిన బాలుడు పెరిగి పెద్దవాడైన పిమ్మట దానిని మెట్టురాయిగా వేయనీయడు. రాబోవు పంచాయతీ సమావేశముననే ఆ పట్టికకు శ్రీకారము చుట్టుదురు గాక.