మొబైల్ నెట్: మన అపోహలు, అసలు సంగతులు

స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, హజ్ ఫారం, రేషన్ కార్డు ఈ-కేవైసీ... ఇప్పుడు ఏ పని ముట్టుకున్నా నెట్ లేనిదే కదలడం లేదు. వన్ టౌన్‌లో మన ఇళ్ళలో చాలావాటికి నెట్ అంటే ఫోనే. తండ్రి కూలి డబ్బులతోనో, కొట్టులో గుమాస్తాగా ఉన్న అన్న జీతంతోనో వేయించిన రీచార్జి మీద ముగ్గురు పిల్లల చదువు నడుస్తుంది. అలాంటి ఇంట్లో నెట్ గురించి ఒక తప్పుడు అభిప్రాయం ఉంటే డబ్బూ పోతుంది, గడువూ దాటిపోతుంది. అందుకే మనలో తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిద్దాం.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ‘అన్‌లిమిటెడ్’. రోజుకు 1.5 జీబీ ప్లాన్ వేయించుకున్నవారు ఆ 1.5 జీబీ అయిపోయినా నెట్ ఆగదు కదా అని ధైర్యంగా ఉంటారు. ఆగని మాట నిజమే. కానీ ఆ తర్వాత వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. బీసీ-ఇ సర్టిఫికెట్ స్కాన్ కాపీ 1 ఎంబీ ఉందనుకోండి, అదొక్కటి అప్‌లోడ్ కావడానికే రెండు నిమిషాలు దాటుతుంది. ఆధార్, మార్కుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్ ఇంకా మిగిలే ఉంటాయి. ఈలోగా వెబ్‌సైటు ‘సెషన్ ముగిసింది’ అని బయటికి పంపేస్తుంది. సర్వర్ పనిచేయడం లేదని ఇంటిల్లిపాదీ ప్రభుత్వాన్ని తిట్టుకుంటారు. నిజానికి పగలు తమ్ముడు చూసిన వీడియోలు ఆ రోజు డేటాను తినేసి ఉంటాయి. వీడియో 480పీలో గంటసేపు చూస్తే సుమారు అర జీబీ ఖర్చవుతుంది. అదే 1080పీలో చూస్తే ఒక్క గంటకే రోజు కోటా చెల్లిపోవచ్చు. 2023 నుంచి మన దేశంలో సెకనుకు కనీసం 2 మెగాబిట్ల వేగం ఉన్నదాన్నే బ్రాడ్‌బ్యాండ్ అంటున్నారు. 64 కేబీపీఎస్ అందులో ముప్పయ్యో వంతు కూడా కాదు. కాబట్టి కోటా అయిపోయాక మిగిలేది పేరుకు నెట్, అంతే. ఫారం నింపే రోజున ఇంట్లో అందరూ వీడియోలు మానుకోవాలి. లేదా ఆ పని అయ్యేదాకా చిన్న డేటా ప్యాక్ ఒకటి వేయించుకోవాలి. మామూలుగా రోజు కోటా అర్ధరాత్రి దాటాక మళ్ళీ మొదలవుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడే చిన్న లెక్క. కంపెనీలు వేగాన్ని మెగాబిట్లలో చెబుతాయి, ఫోనులో ఫైలు సైజు మెగాబైట్లలో కనిపిస్తుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అందుకని 16 ఎంబీపీఎస్ అంటే సెకనుకు దిగేది 2 ఎంబీ మాత్రమే. ఇందులో మోసమేమీ లేదు, రెండు కొలతలూ వేరు.

రెండో అపోహ సిగ్నల్ గీతల గురించి. “గీతలు నిండా ఉన్నాయి, అయినా నెట్ రావడం లేదు, ఫోను పాడైనట్టుంది” అని కొత్త ఫోనుకు అప్పు చేసినవారు ఉన్నారు. గీతలు చెప్పేది టవర్ నుంచి మీ ఫోను దాకా రేడియో తరంగం ఎంత బలంగా వస్తోందన్నది మాత్రమే. ఆ టవర్ దగ్గర ఎంతమంది వరుసలో ఉన్నారో అవి చెప్పవు. వీధి కుళాయిని తలచుకోండి. పైపు మీ గుమ్మం ముందే ఉన్నా, నలభై బిందెలు ఒకేసారి పెడితే మీ బిందె నిండేదెప్పుడు? పగటిపూట కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల, దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి కింద జరిగేది ఇదే. టవర్ సామర్థ్యాన్ని ఆ సమయంలో అక్కడున్న వాళ్ళందరూ పంచుకుంటారు. అదే ఫోను, అదే సిమ్, అదే గదిలో ఫజర్ నమాజ్ అయ్యాక ప్రయత్నిస్తే చకచకా పనిచేయడం చూస్తారు. కొత్త ఫోను కొనేముందు ఈ పరీక్ష చేసి చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు.

గీతలు నిజంగానే తక్కువగా ఉండే చోట్లు కూడా మనకు ఉన్నాయి. కొండకు ఒక పక్కన టవర్, రెండో పక్కన ఇల్లు ఉంటే మధ్యలో రాతి కొండే అడ్డం. ఇరుకు సందులో రెండు మేడల మధ్య చిక్కుకున్న కింది గదిదీ, రేకుల కప్పు కింద గదిదీ ఇదే కథ. రేకు రేడియో తరంగాలను వెనక్కి కొట్టేస్తుంది. అలాంటి ఇంట్లో ఫోనును కిటికీలోనో మేడ మెట్ల మీదో పెట్టి, హాట్‌స్పాట్ ద్వారా లోపల రెండో ఫోనులో చదువుకుంటే తేడా తెలుస్తుంది. అంతకుముందు ఏ కంపెనీ సిగ్నల్ మీ ఇంట్లో బాగుందో ఇరుగుపొరుగు ఫోన్లలో చూసుకోవడం మంచిది. ప్రకటనల్లో ఎవరు గొప్ప అన్నది మన సందుకు పనికిరాదు.

విజయవాడలో 5జీ 2022 డిసెంబరులో మొదలైంది. అది వచ్చాక పాత ఫోనుకూ వేగం పెరుగుతుందని కొందరు ఎదురుచూశారు. ఫోను 5జీది కాకపోతే ఆ ప్రయోజనం నేరుగా అందదు. 2024 జూలైలో చార్జీలు పెరిగినప్పటి నుంచి పరిమితి లేని 5జీ డేటా తక్కువ ధర ప్లాన్లకు వర్తించడం లేదు కూడా. ప్లాన్ వివరాలు చదవకుండా రీచార్జి చేయించకండి.

మొబైల్ నెట్ ఉపగ్రహం నుంచి వస్తుందని పెద్దవాళ్ళే కాదు, డిగ్రీ చదివిన పిల్లలూ చెబుతుంటారు. గాలిలో ప్రయాణం మన ఫోను నుంచి దగ్గరి టవర్ దాకానే. అక్కడి నుంచి ఎక్కువ భాగం భూమిలోని ఫైబర్ కేబుల్, విదేశాలకు చెన్నై, ముంబై తీరాల నుంచి సముద్రం అడుగున వేసిన కేబుళ్ళు. 2025 సెప్టెంబరులో మన హాజీలందరికీ తెలిసిన జెద్దా దగ్గర ఎర్ర సముద్రంలో కేబుళ్ళు తెగితే మన దేశంలోనూ నెట్ నెమ్మదించింది. టవర్‌కు కరెంటు కూడా కావాలి. కరెంటు పోతే బ్యాటరీ, ఆ తర్వాత డీజిల్ జనరేటర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ముంచెత్తినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయిన సంగతి రాజరాజేశ్వరిపేట, సింగ్ నగర్ వాసులకు వేరే చెప్పనక్కర్లేదు. ముఖ్యమైన కాగితాలూ ఫోన్ నంబర్లూ ఫోనులోనే కాక ఇంట్లో ఒక పుస్తకంలోనూ ఉంచుకోవాలని నేననేది అందుకే.

ఇక టవర్ భయం. 2021 మేలో కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు, ఈ చావులకు 5జీ టవర్లే కారణమని వాట్సాప్‌లో ఊరంతా తిప్పారు. అప్పటికి దేశంలో 5జీ సేవలే లేవు, అవి మొదలైంది 2022 అక్టోబరు 1న. వార్త మోసుకొచ్చినవాణ్ణి నమ్మేముందు నిర్ధారించుకోమన్న సూరా హుజురాత్ ఆదేశం ఫార్వర్డులకూ వర్తిస్తుందని మన ఖతీబులు చెబితే బాగుంటుంది.

టవర్ నుంచి వచ్చే రేడియో తరంగాలకు ఎక్స్‌రేలాగా కణాలలోని అణువులను చీల్చే శక్తి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ఈ తరంగాలను ‘బహుశా కారకం కావచ్చు’ అన్న వర్గంలో పెట్టిన మాట వాస్తవం, దాన్ని దాచకూడదు. రుజువు పరిమితంగా ఉన్నప్పుడు పెట్టే వర్గం అది, అపాయం తేలిపోయిందని అర్థం కాదు. మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే టవర్లకు అనుమతిస్తోంది. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: టవర్ దూరమైతే ఫోను దాన్ని అందుకోవడానికి తన శక్తిని పెంచుతుంది. చెవి దగ్గర పెట్టుకునేది ఫోనునే కదా! పేటలో టవర్ వద్దని పట్టుబడితే, చివరికి మన తల దగ్గర తరంగాలు పెరుగుతాయి, పిల్లల నెట్టూ పాడవుతుంది. ఫోను గురించి అనుమానం ఉన్నవారు *#07# కొడితే చాలా ఫోన్లలో దాని రేడియేషన్ విలువ కనిపిస్తుంది. కిలోకు 1.6 వాట్లు మించకూడదన్నది మన నిబంధన.

చివరగా దాతలకు ఒక మాట. పేద విద్యార్థులకు రీచార్జి చేయించడం మంచి పనే. కానీ పదిమందికి రోజుకు 1.5 జీబీ చొప్పున వేయిస్తే నెలకు అందరికీ కలిపి 450 జీబీ, అదీ ఏ రోజుది ఆ రోజే చెల్లిపోయేది. ఇంటి ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకు 3,300 జీబీ దాకా వేగం తగ్గదు. పేటకొక చదువు గదిలో అలాంటి లైను ఒకటి, కరెంటు పోయినా వైఫై ఆగకుండా చిన్న ఇన్వర్టర్, ఒక స్కానర్, సాయంత్రం రెండు గంటలు కూర్చుని ఫారాలు నింపిపెట్టే డిగ్రీ విద్యార్థి ఒకరు ఉంటే చాలు. ఆడపిల్లలకు విడిగా సమయం కేటాయించాలి. లైను పెట్టించేముందు వ్యాపార కనెక్షన్ కావాలంటారా, ఇంటి ప్లాన్ సరిపోతుందా అన్నది కంపెనీని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.