ఎక్కడికి వెళ్ళినా మనవాళ్ళే

పాఠ్యభాగము: రోమా 16:1-16; అపొస్తలుల కార్యములు 18:1-3, 18-28



సోలాపూర్ స్టేషనులో బండి కోసం కూర్చుంటాము. వెనుక బల్ల మీద ఎవరో పిల్లవాణ్ణి తెలుగులో కోప్పడుతూ ఉంటారు. తల తిప్పి, "ఏ ఊరండీ మీది?" అని అడుగుతాము. ఊరి పేరు చెప్పగానే, "అక్కడ ఫలానా మాస్టారు ఉండేవారు కదా" అంటాము. "ఆయన మా మేనమామేనండి" అని జవాబు వస్తుంది. బండి వచ్చేలోపల వరుసలు కలుస్తాయి, టిఫిను డబ్బా తెరుచుకుంటుంది. బెంగళూరులోనో, చెన్నైలోనో, పూణేలోనో, కటకములోనో ఇటువంటి అనుభవము మనలో చాలామందికి కలిగే ఉంటుంది. "లోకమెంత చిన్నదో చూడండి" అని ఇంటికి వచ్చి చెప్పుకుంటాము.

ఈ పాఠములో రెండు సంగతులు చూద్దాము. తెలిసినవారు అనుకోని చోట్ల ఎందుకు ఎదురవుతారు? ఎదురైనప్పుడు మన బాధ్యత ఏమిటి?

1. ఎన్నడూ చూడని పట్టణములో ఇరవై ఆరుగురు

పౌలు రోమా పత్రికను సుమారు క్రీ.శ. 57లో కొరింథు నుండి వ్రాశాడు. అప్పటికి ఆయన రోమాలో అడుగు పెట్టలేదు. రావాలని ఎన్నోసార్లు అనుకొన్నా ఆటంకములు కలిగాయని ఆ పత్రికలోనే (1:13, 15:22) చెప్పుకున్నాడు. అయినా చివరి అధ్యాయములో ఆయన వందనములు చెప్పమన్న వారిని లెక్కపెట్టి చూడండి. పేర్లతో 24 మంది. పేరు చెప్పకుండా రూఫు తల్లి, నేరియ సహోదరి. వెరసి 26 మంది. వీరిలో తొమ్మిదిమంది స్త్రీలు. అరిస్టొబూలు ఇంటివారు, నార్కిస్సు ఇంటివారు వీరుగాక వేరు.

చూడని ఊరిలో ఇంతమంది ఎలా తెలుసు? జవాబు ఆ జాబితాలోనే ఉన్నది. ఎపైనెటు ఆసియలో మొదట విశ్వసించినవాడు. అంద్రొనీకు, యూనీయ పౌలుతో కూడ చెరలో ఉన్నవారు. రూఫు తల్లి పౌలుకు కూడా తల్లిలా ఉండినది. కొందరిని గూర్చి పౌలు విని మాత్రమే ఉండవచ్చు. చాలామందితో పరిచయము మాత్రము వేరే ఊళ్ళలోనే కలిగినది. పౌలు ఇంకా రోమాకు వెళ్ళలేదు గాని, పౌలు ఎరిగినవారు వెళ్ళారు.

2. తరిమివేతా, పనీ, దారీ

ఆ జాబితాలో మొట్టమొదటి పేర్లు ప్రిస్కిల్ల, అకుల. అకుల పుట్టినది నల్లసముద్రపు ఒడ్డున ఉన్న పొంతులో. కాపురము రోమాలో. యూదులందరు రోమా విడిచి వెళ్ళవలెనని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపించినప్పుడు, సుమారు క్రీ.శ. 49లో, వారు కొరింథుకు వచ్చారు. పౌలు అక్కడికి ఒంటరిగా చేరాడు. వారిది డేరాలు కుట్టే పని, ఈయనదీ అదే పని. వారి ఇంటనే ఉండి పనిచేశాడు. తరువాత ముగ్గురూ ఎఫెసుకు ప్రయాణమయ్యారు. కొన్ని సంవత్సరములకు ఆ దంపతులు తిరిగి రోమాలో కనబడుతున్నారు. వారి ఇంటిలో సంఘము కూడుకుంటున్నది.

కొరింథులో వారు కలవడము వింతగా తోచవచ్చు. అయితే కొరింథు రెండు రేవుల నడుమ ఉన్న పట్టణము. తూర్పు పడమరల వర్తకము ఆ దారిన నడిచేది. ఒకే వృత్తివారు అటువంటి చోట కలవకపోతేనే వింత. రాజాజ్ఞ వారిని వెళ్ళగొట్టినది, పని వారిని నిలిపినది, దారి వారిని కలిపినది. దేవుని చిత్తము ఈ మామూలు దారుల మీదుగానే నడిచినది.

మన పెద్దల కథ కూడ ఇంతే. 1880ల నుండి కోలారు బంగారు గనులకు వెళ్ళినవారు, సోలాపూర్ మగ్గాలకూ మిల్లులకూ వెళ్ళినవారు, ఓడ ఎక్కి రంగూను వెళ్ళి 1942లో యుద్ధము వలన ఇల్లూ వాకిలీ విడిచి తిరిగి వచ్చినవారు, ఎవరూ గాలివాటున పోలేదు. మొదట ఒకరు వెళ్ళారు. ఆయన బావమరిదికి ఉత్తరము వ్రాశాడు. బావమరిది పక్కింటివాణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళాడు. అందుకే ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క ఊరే కనబడుతుంది. అందరమూ అవే దారుల మీద నడుస్తున్నాము గనుక ఎదురవుతున్నాము.

3. లోకము చిన్నదని లెక్క చెప్పినవారు

స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతిని ఉత్తరాలతో పరీక్షించాడు. 1969లో ప్రచురించిన వివరములలో ఇలా ఉన్నది. 296 మందిని ఎన్నుకొని, బోస్టన్‌లో పనిచేసే ఒక అపరిచితునికి ఒక కాగితాల కట్ట చేర్చమన్నారు. నేరుగా పంపకూడదు. ఆయనను ఎరిగి ఉండవచ్చునని తోచిన తమ పరిచయస్థునికే పంపాలి. ఆ మనిషి మరొకరికి పంపాలి. చేరినవాటిలో నడుమ ఉన్న మనుష్యులు సగటున అయిదుగురు మాత్రమే.

1998లో డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగాట్జ్ అనే ఇద్దరు దీని కారణమును గణితముతో చూపారు. అందరూ తమ చుట్టుపక్కలవారినే ఎరిగి ఉన్న సమాజములో కూడ, దూరముతో సంబంధమున్నవారు కొద్దిమంది ఉంటే చాలు, మనిషికీ మనిషికీ నడుమ అంచెలు ఎంతో తగ్గిపోతాయి. అంటే రెండు ఊళ్ళను దగ్గర చేసేది దూరము వెళ్ళిన ఒక్క కుటుంబము. వలస వచ్చిన మనము "సొంత ఊరికి దూరమైపోయాము" అని బాధపడతాము. నిజానికి లోకాన్ని చిన్నది చేసేది మనవంటి వారే. అకుల, ప్రిస్కిల్ల తమ కాలములో చేసినదీ ఇదే.

ఒక మాట కూడ ఒప్పుకోవాలి. స్టేషనులో మన ప్రక్కనుండి వెళ్ళిన వందలాది అపరిచితులు మనకు గుర్తుండరు. తెలిసినవాడు ఒక్కడు ఎదురైతే జీవితాంతము చెప్పుకుంటాము. ఆ ఒక్కని మీదనే చూపు నిలిపితే మిగిలినవారు కనబడరు. మన పాఠములోని హెచ్చరిక ఇక్కడనే ఉన్నది.

4. ఉత్తరము ఎవరి చేతిలో ఆగినది?

ఆ 296 కట్టలలో గమ్యము చేరినవి 64 మాత్రమే. కొందరు మొదలే పెట్టలేదు. మిగిలినవి దారిలో ఎవరో ఒకరి చేతిలో ఆగిపోయాయి. ఆ ఒకరు "నాకెందుకులే" అనుకొని ఉండవచ్చు, రేపు పంపుదామని మరచిపోయి ఉండవచ్చు. దారి ఉన్నంత మాత్రాన పని జరగదు. ప్రతి అంచెలోను ఒక మనిషి చెయ్యి చాపాలి.

అపొల్లో అకయకు వెళ్ళదలచినప్పుడు ఎఫెసులోని సహోదరులు, అతనిని చేర్చుకొనవలెనని అక్కడి శిష్యులకు ఉత్తరము వ్రాశారు. రోమాకు వెళ్ళే ఫీబే కోసం పౌలు చేసినది కూడ అదే. ఆమెను చేర్చుకొమ్మని మాత్రమే గాక, ఆమెకు ఏ పనిలో అవసరము కలిగినా సహాయము చేయమని అడిగాడు. మన సంఘాలలో ఊరు మారేవారికి ఇచ్చే ఉత్తరము ఈ ఆచారములోనిదే. ఈ రోజులలో ఉత్తరానికి బదులు ఫోను నంబరు పంపుతున్నాము. నంబరు చేరుతుంది. ఫోను చేసేవారు ఎవరు?

5. ఒకే ప్రశ్న: తలుపా, త్రాసా?

"ఏ ఊరండీ మీది?" మంచి ప్రశ్న. దానితోనే బంధువులు దొరుకుతారు. అయితే దాని వెనుక మరికొన్ని ప్రశ్నలు వస్తాయి. ఏ పేట? ఎవరి తాలూకు? తాతగారి పేరేమిటి? కొన్నిసార్లు ఇవి మనిషిని కలుపుకొనడానికి అడిగేవి కావు, తూచడానికి అడిగేవి. కులము తెలిసేదాకా ఆగని ప్రశ్న తలుపు తీయదు, త్రాసు పట్టుకుంటుంది. అటువంటి ప్రశ్నలు మన గుమ్మములో కూడ వినబడుతున్నాయని ఒప్పుకోకుండా ఈ పాఠము ముగించలేము.

పౌలు జాబితాను మరల చదవండి. తన బంధువులు ముగ్గురిని బంధువులనే చెప్పాడు, బంధుత్వము దాచలేదు. అయితే వారిని ముందు వరుసలో కూర్చోబెట్టలేదు. వారి నడుమనే అంప్లీయతు, హెర్మే, పెర్సిసు వంటి పేర్లు ఉన్నాయి. ఆ కాలపు రోమాలో దాసులకు ఎక్కువగా పెట్టిన పేర్లవి. ఎవరి వంశమూ వివరించలేదు. ఎక్కువమందిని గూర్చి చెప్పినది వారి ప్రయాస, వారి ప్రేమ, వారు పడిన శ్రమ.

పని వెదకుకొంటూ వచ్చిన ఒక యువకుడు ఆదివారము వెనుక బల్ల మీద కూర్చుంటాడు. అతని ఊరు మనలో ఎవరికీ తెలియదు. వరుస కలపడానికి ఎవరూ లేరు. రెండు వారములు వస్తాడు, మూడవ వారము రాడు. లోకము చిన్నదని మనము సంతోషించిన ఆ పూటే అతనికి లోకము చాలా పెద్దదిగా కనబడినది. తెలిసినవాడు ఎదురైతే సంతోషించడము ఎవరికైనా వస్తుంది. తెలియనివానికి మొదటి పరిచయస్థుడు కావడము సంఘము చేయవలసిన పని. రేపు మరో ఊరిలో అతడు మన పేరే చెప్పి, "వారు నాకు తెలుసు" అంటాడు.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన సంఘములోని కుటుంబాలు ఏ ఊళ్ళ నుండి, ఏ పని మీద, ఎవరి వెంట వచ్చాయి? పెద్దలు చెప్పగా యువకులు వ్రాసి ఉంచండి.

2. గత సంవత్సరములో మన ఊరు విడిచి వెళ్ళినవారి కోసం అక్కడి సంఘానికి ఎవరైనా ఉత్తరము గాని ఫోను గాని చేశారా?

3. మీ చేతిలో ఆగిపోయిన "ఉత్తరము" ఏదైనా ఉన్నదా? ఈ వారమే దానిని ముందుకు పంపండి.

4. క్రొత్తవారిని మనము అడిగే మొదటి మూడు ప్రశ్నలు ఏవి? వాటిలో తలుపు తీసేవి ఎన్ని, తూచేవి ఎన్ని?