పుట్టబోవు బిడ్డ, వినికిడి, తలిదండ్రుల నిర్ణయము

చెవుడు వంశపారంపర్యముగా వచ్చునా? బిడ్డ పుట్టకముందే దానిని కనుగొనవచ్చునా? కనుగొన్న పిమ్మట ఏమి చేయవలెను? ఈ మూడు ప్రశ్నలలో మొదటి రెండింటికి వైద్యశాస్త్రము సమాధానము చెప్పగలదు. మూడవదానికి శాస్త్రమొక్కటే చాలదు.

పుట్టుచెవుడునకు కారణములు పెక్కు కలవు. గర్భిణికి రుబెల్లా సోకుట వానిలో నొకటి; దీనిని టీకాతో నివారింపవచ్చును. అనేకుల విషయమున కారణము జన్యువులందే యున్నది. కనెక్సిన్ 26 అను ప్రోటీనుకు సంబంధించిన జన్యువులోని మార్పు వలన చెవుడు కలుగునని 1997లో తేలినది. మన దేశమున వంశపారంపర్యమగు చెవుడునకు తరచుగా కానవచ్చు కారణములలో ఇది యొకటి. తలిదండ్రులిరువురును చక్కగా వినగలిగియుండియు, మార్పు చెందిన ఈ జన్యువును చెరియొకటి మోయుచున్నచో, ప్రతి కాన్పునందును బిడ్డకు చెవుడు వచ్చుటకు నాలుగింట ఒకపాలు అవకాశము కలదు. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి మువ్వురికి రాదని తలంపరాదు.

ఆంధ్రదేశమున మేనరికములు వాడుకలో నున్నవి. దగ్గరి బంధువులైన దంపతులిరువురియందును ఒకే మార్పు ఉండుటకు అవకాశము హెచ్చు. అట్టి కుటుంబములలో తల్లిని మాత్రమే నిందించుట అన్యాయము. ఇట్టి చెవుడు తల్లి నుండియు, తండ్రి నుండియు సమముగా వచ్చినదే. బధిర దంపతుల బిడ్డలందరును బధిరులే యగుదురను నమ్మకము కూడ సరికాదు. ఇరువురి చెవుడునకు కారణమైన జన్యువులు వేరువేరైనచో బిడ్డలు వినగలవారే కావచ్చును.

ఇక చట్టము మాట. గర్భస్థ పిండ పరీక్షలను గూర్చిన 1994 నాటి చట్టము కొన్ని జన్యు వ్యాధులను, పుట్టుకతో వచ్చు లోపములను కనుగొనుటకే పరీక్షలను అనుమతించినది, లింగనిర్ధారణను నిషేధించినది. పరీక్ష వలన కలుగగల దుష్ఫలితములను గర్భిణికి తెలిపి, ఆమెకు తెలిసిన భాషలో వ్రాతపూర్వకమగు సమ్మతి పొందవలెను. బిడ్డను కనుటయా, మానుటయా అను నిర్ణయము స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లో చెప్పినది. కావున భర్తగాని, అత్తమామలుగాని, వైద్యుడుగాని ఆమెను నిర్బంధింపరాదు.

అయినను ఒక ప్రశ్న మిగులును. బిడ్డకు కష్టము కలుగరాదని కోరుట తలిదండ్రులకు సహజము. కాని వినికిడి గల పిండమునే ఎన్నుకొనుట మేలని అందరును అన్నచో, "మావంటివారు పుట్టకుండుటయే మంచిదా?" యని బధిరులు అడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. 1933లో జర్మనీ చేసిన చట్టము వంశపారంపర్యమగు చెవుడు గలవారికి బలవంతముగా సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించినది. దంపతుల నిర్ణయము వేరు, ప్రభుత్వము యొక్క ఆజ్ఞ వేరు. కాని ఇరుగుపొరుగుల ఒత్తిడియు, భయమును కూడ ఒక్కొక్కప్పుడు ఆజ్ఞవలె పనిచేయును. మరియొక వైపున, తమవలెనే బధిరుడగు బిడ్డను కోరిన దంపతులును లోకమున కలరు. బ్రిటనులో 2008 నాటి చట్టము అట్టి పిండమునకు ప్రాధాన్యమిచ్చుటను నిషేధించినది.

కావున సలహా నిచ్చువారు వ్యాధిని గూర్చి మాత్రమే చెప్పి ఊరకుండరాదు. బధిరుల జీవితమును గూర్చియు చెప్పవలెను. భారతీయ సంజ్ఞాభాష సంపూర్ణమైన భాష. దాని పరిశోధనకును, శిక్షణకును 2015లో ఢిల్లీలో ఒక జాతీయ కేంద్రము ఏర్పడినది. బధిరుల విద్య, ఉద్యోగ హక్కులను 2016 నాటి చట్టము గుర్తించినది. వీలైనచో నిర్ణయమునకు ముందు దంపతులు ఒక బధిర కుటుంబమును కలిసికొనుట మంచిది.

నిర్ణయమేదైనను, పుట్టిన బిడ్డ యెడల మన విధి యొక్కటే. మొదటి నెలలోనే వినికిడి పరీక్ష చేయింపుడు. అనుమానమున్నచో మూడవ నెలలోపల నిర్ధారణ చేయించి, ఆరవ నెలలోపల తగిన సహాయము ప్రారంభింపుడు. అది వినికిడి యంత్రమైనను, శస్త్రచికిత్సయైనను, సంజ్ఞాభాషయైనను, ఆలస్యము చేయరాదు. వినికిడి లేకున్నను బిడ్డ పెరుగును; భాష లేకున్నచో బిడ్డ మనస్సు పెరుగుట కష్టము.