కుళ్ళే ప్లాస్టిక్, కుళ్ళనివ్వని ఉప్పు



ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళాలు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు మన దేశంలో 2022 జూలై 1 నుండి నిషిద్ధం. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు మాత్రం మినహాయింపు ఉంది. ఆ ముద్ర వేసిన సంచులు, పళ్ళాలు ఇప్పుడు మన పెళ్ళి విందులకు, విచారణ పండుగ భోజనాలకు కూడా వస్తున్నాయి. "ఇవి తమంతట తామే కుళ్ళిపోతాయట, కాలువలో వేసినా పరవాలేదు" అనే మాట మీరూ వినే ఉంటారు. ఈ మాటలో నిజమెంతో ఈ వారం పరిశీలిద్దాం.

మొదట ఒక విషయం గుర్తుంచుకోవాలి. తనంతట తాను ఏదీ కుళ్ళదు. కుళ్ళించేవి సూక్ష్మజీవులు. ప్లాస్టిక్ అంటే చిన్న చిన్న అణువులు కలిసిన పొడవైన గొలుసు. ఆ గొలుసును బాక్టీరియా నేరుగా మింగలేదు. ఎంజైము అనే పదార్థాన్ని బయటికి వదిలి, గొలుసును ముక్కలు చేసి, ఆ ముక్కలను ఆహారంగా తీసుకుంటుంది. పాలిథీన్ గొలుసును ఇలా తెంపడం వాటికి దాదాపు అసాధ్యం. కొన్ని గొలుసులను మాత్రం అవి సులభంగా తెంపగలవు. 1926లో పాస్చర్ సంస్థకు చెందిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మొరిస్ లెమ్వాన్ ఒక బాక్టీరియాలో పి.హెచ్.బి. అనే పదార్థాన్ని కనుగొన్నాడు. మన శరీరం కొవ్వును దాచుకున్నట్లు బాక్టీరియాలు దీనిని దాచుకుంటాయి. ఒకరు దాచిన ఆహారం మరొకరికీ ఆహారమే కదా! అందుకే పి.హెచ్.బి.తో చేసిన ప్లాస్టిక్‌ను ఎన్నో బాక్టీరియాలు తినగలవు.

ఇక ఉప్పు సంగతికి వద్దాం. ఆవకాయ ఏడాదిపాటు ఎందుకు నిలువ ఉంటుందో గృహిణులకు తెలుసు. ఉప్పు సూక్ష్మజీవుల శరీరంలోని నీటిని బయటికి లాగివేస్తుంది. అవి పెరగలేవు, కాబట్టి కాయ పాడవదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెరట్లోని ఎరువుగుంటలో చురుకుగా పనిచేసే బాక్టీరియాలు చాలావరకు అక్కడ చతికిలబడతాయి.

అయితే ఉప్పును ఓర్చుకునే బాక్టీరియాలూ ఉన్నాయి. హాలోమోనాస్ వంటివి ఎక్టోయిన్ అనే పదార్థాన్ని తమలో తయారు చేసుకుని, నీరు బయటికి పోకుండా కాపాడుకుంటాయి. ఉప్పు చేపల మీద ఒక్కొక్కప్పుడు ఎర్రగా పట్టేవి కూడా ఉప్పులోనే బ్రతికే సూక్ష్మజీవులే. సముద్రంలో ప్లాస్టిక్‌ను కుళ్ళించే పని చేయగలిగినవి ఇలా ఉప్పుకు అలవాటుపడ్డవే.

మరి అవి ఏ ప్లాస్టిక్‌నైనా తింటాయా? టోక్యో విశ్వవిద్యాలయం, జామ్‌స్టెక్ అనే సముద్ర పరిశోధన సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి జపాన్ సముద్రాలలో 757 మీటర్ల నుండి 5,552 మీటర్ల లోతున రకరకాల ప్లాస్టిక్ ముక్కలను ఉంచి చూశాయి. ఫలితాలు 2024 జనవరిలో వెలువడ్డాయి. పి.హెచ్.బి. కుటుంబానికి చెందిన ప్లాస్టిక్‌లను అక్కడి సూక్ష్మజీవులు తిన్నాయి. కాని లోతు పెరిగేకొద్దీ ఆ పని నెమ్మదించింది. పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్ మాత్రం చెక్కుచెదరలేదు. మొక్కజొన్న, చెరకు చక్కెరల నుండి తయారయ్యే ఈ పి.ఎల్.ఎ.నే కంపోస్టబుల్ వస్తువుల్లో విరివిగా వాడుతున్నారు. అది కుళ్ళాలంటే సుమారు 60 డిగ్రీల వేడి ఉండే పెద్ద కంపోస్టు కేంద్రం కావాలి. సముద్రంలో ఆ వేడి లేదు. ఇంటి ఎరువుగుంటలోనూ ఉండకపోవచ్చు.

సామర్థ్యం వేరు, కార్యం వేరు అని అరిస్టాటిల్ చెప్పాడు. విత్తనానికి చెట్టయ్యే సామర్థ్యం ఉన్నా, నేల, నీరు దొరకనిదే అది చెట్టు కాదు. సంచి మీది ముద్ర చెప్పేది సామర్థ్యాన్ని గురించి మాత్రమే. తగిన వేడి, తగిన జీవులు ఉన్న చోటికి దానిని చేర్చడం మన పని.

మన కాలువలు చివరికి చేరేది బంగాళాఖాతాన్నే. అక్కడ సంచి కుళ్ళేలోగా జాలరి వలలో పడవచ్చు. జెల్లీచేప అనుకుని తాబేలు దానిని మింగవచ్చు. కనుక పండుగకు స్టీలు పళ్ళాలు గాని, అడ్డాకు విస్తళ్ళు గాని వాడండి. బజారుకు గుడ్డసంచి తీసుకువెళ్ళండి. కంపోస్టబుల్ వస్తువులే కొనవలసివస్తే, వాటిని తీసుకునే కంపోస్టు కేంద్రం మీ ఊరిలో ఉందో లేదో ముందే కనుక్కోండి.

ఇంటిల్లిపాదీ చర్చించుకోండి:
1. ఆవకాయను కాపాడే ఉప్పును సముద్రంలోని కొన్ని బాక్టీరియాలు ఎలా ఓర్చుకుంటాయి?
2. మన ఇంటి చెత్త ఏ దారిన, ఎక్కడికి చేరుతోంది?
3. రాబోయే పండుగకు మనం మానుకోగల వస్తువు ఏది?